అమావాస్య నౌకరి

సత్తారుకు నెలకు ఒక్కరోజే పని ఉండేది. అది కూడా ఆకాశంలో చందమామ లేని రోజు. ఆ ముచ్చట చెప్పమని మనుమరాలు నర్మద చాలా రోజులుగా వెంట పడుతోంది. చెబుతా కానీ నిదానంగా చెబుతా, నాకు తొందరగా చెప్పడం రాదన్నాను. పుస్తకాల్లో రాసినట్లు రాసుకుంటానంది. రాసుకో, మాటలు మాత్రం ఎవరివి వాళ్లకే ఉంచు, సత్తారు మాట మారిస్తే ఇక అది సత్తారు మాట కాదన్నాను.

మాది హుస్నాబాద్ పక్కన ఒక చిన్న పేట. ఇటు సాలెగల్లీ, అటు మసీదుగల్లీ, మధ్యలో మురికినీటి మోరీ. మోరీ మీద ఒక బండ పరిచి ఉండేది. నడక వచ్చినప్పటి నుంచి నేనూ సత్తారూ ఆ బండ మీదుగా అటూ ఇటూ తిరిగినవాళ్లమే.

సాలెగల్లీలో పేదరికం ఉండేది కానీ ఖాళీ చేయి ఉండేది కాదు. ముసలివాళ్లు దారం కండెలు చుట్టేవాళ్లు, ఆడవాళ్లు పడుగు సరిచేసేవాళ్లు, మొగవాళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాళ్లు. వచ్చేది జొన్న గట్కకు సరిపోతే పప్పుకు సరిపోయేది కాదు. అయినా పొద్దున లేవగానే ఏం చేయాలో అందరికీ తెలిసేది.

మసీదుగల్లీ అట్లా కాదు. నిజాం రోజుల్లో ఆ గల్లీలో సగం మంది సర్కారు నౌకర్లు. ఒకరు పోలీసు, ఒకరు అడవి చౌకీలో కాపలా, సత్తారు తండ్రి ఇబ్రాహీం మామ తహసీలు కచేరిలో జవాను. ఛాతీ మీదుగా పట్టీ, పట్టీకి ఇత్తడి బిళ్ల. ఆయన నడుచుకుంటూ వస్తుంటే బిళ్ల ముందు వచ్చేది, ఆయన వెనక వచ్చేవాడు. పోలీసు యాక్షన్ తర్వాత రాజ్యం మారింది. కచేరిలో భాష మారింది, మనుషులు మారారు. ఇబ్రాహీం మామను రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు, తర్వాత ఇక రావద్దన్నారు. ఆ గల్లీలో చాలా ఇళ్లలో ఇదే కథ. మామ ఆ బిళ్లను మేకుకు తగిలించి, పోయేదాకా ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోముతూనే ఉన్నాడు. ఎవరైనా పిలిస్తే మెరుస్తూ ఉండాలి కదా.

కూర్చోవడంలో కూడా తేడా ఉంటుంది బిడ్డా. పని చేసి వచ్చి కూర్చున్నవాడు కాళ్లు చాపుతాడు. పని లేక కూర్చున్నవాడు చాపడు. ఎవరైనా పిలుస్తారేమో, వెంటనే లేవాల్సి వస్తుందేమో అన్నట్లు మోకాళ్లు ముడుచుకుని అరుగు అంచు మీద కూర్చుంటాడు. మసీదుగల్లీలో పొద్దున పూట అరుగుల నిండా అట్లా కూర్చున్న మొగవాళ్లే. సత్తారు కూడా అంతే. మా ఇంటికి వచ్చినా అంచు మీదే కూర్చునేవాడు.

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, పేరు కమలవ్వ. సత్తారు తల్లి వాడి చిన్నప్పుడే పోయింది. అప్పటి నుంచి అవ్వ రాట్నం దగ్గరే వాడి బాల్యమంతా గడిచింది. నేను ఆటలకు ఉరికేవాణ్ని, వాడు కూర్చుని కండెలు చుట్టేవాడు. అవ్వ గల్లీ అంతటికీ వినిపించేటట్లు తిట్టేది.

"నేను కన్నోడు మోరి దాటి ఉరికె. మోరి అవుతల పుట్టినోడు నా రాట్నం తిప్పవట్టె. ఎవలకు ఎవలు కొడుకో గా దేవునికే ఎరుక."

సత్తారు వినీ విననట్లు నవ్వుకుంటూ ఇంకో కండె అందుకునేవాడు.

పెళ్లిళ్లయ్యాయి. సత్తారు భార్య మక్సూదా మెట్‌పల్లి పిల్ల, చురుకైనది. ఇబ్రాహీం మామ పోయిన ఏడే మా పేటకు కరెంటు వచ్చింది. కరెంటు వెనకాలే అంబదాస్ సేటు వచ్చాడు. మా కులం మనిషే, షోలాపూర్ మిల్లులో ఏళ్లతరబడి పనిచేసి, నాలుగు పైసలు వెనకేసుకుని తిరిగి వచ్చాడు. ఊరి చివర రేకుల షెడ్డు వేసి సాంచాలు పెట్టాడు. సాంచా అంటే కరెంటు మీద నడిచే మగ్గం. కాలితో తొక్కే పని లేదు, చేత్తో నాడె విసిరే పని లేదు. పేక దారాన్ని మోసుకుంటూ నాడె దానంతట అదే అటు నుంచి ఇటు ఉరుకుతుంది. మనిషి రెండు సాంచాల మధ్య నిలబడి, తెగిన పోగు ముడేసి, అయిపోయిన కండె మార్చాలి. అంతే.

సాలెగల్లీ వాళ్లను పిలిచి పిలిచి పెట్టుకున్నాడు. నన్నూ పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం సత్తారును వెంట తీసుకుని పోయాను. సేటు చెడ్డవాడేం కాదు. కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు, ఇబ్రాహీం మామను తలుచుకున్నాడు. చివరకు అసలు మాట అన్నాడు.

"నిన్ను తక్కువ జేసి అంటలేను సత్తారు. నూలు మనోళ్ల చేతికే ఇంటది. తాతల సంది గట్లనే నడుస్తున్నది."

సత్తారు చాయ్ అంతా తాగి, కప్పు కడిగి పెట్టి, చాయ్ మంచిగున్నది సేటు అని లేచాడు. బయటకు వచ్చి మోరీ బండ దాకా నడిచాడు. బండ మీద ఆగాడు.

"నూలుకు చెవులున్నయని నాకు తెల్వదు సాంబా. అవ్వ ఒక్కనాడన్న చెప్పలే."

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాడొక్కడే కాదు, మసీదుగల్లీ నుంచి గానీ, చెరువు కింది వాడల నుంచి గానీ ఒక్క మనిషి ఆ షెడ్డులో లేడు. తీసుకోవద్దని ఎవరూ చాటింపు వేయలేదు. ఎవరి మనిషిని వాళ్లు పిలుచుకున్నారు, అంతే. పిలిచేవాళ్లు లేనివాళ్లు బయట ఉండిపోయారు.

ఆ చలికాలం పత్తి రోజుల్లో సత్తారు ఆదిలాబాద్ పోయాడు. అక్కడ పత్తి గింజలు తీసే జిన్ను మిల్లుల్లో మస్తు పని ఉంటుందని ఎవరో చెప్పారు. పంట కాలం అంతా ఉండి వస్తానని పోయినవాడు సగం కాకముందే తిరిగి వచ్చేశాడు. వస్తూ వస్తూ నిర్మల్‌లో దిగి, అవ్వకు ఒక చెక్క రామచిలుకను కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చ రంగు, ఎర్ర ముక్కు. అవ్వ వాణ్ని ముందు తిట్టి, తర్వాత ఆ చిలుకను దేవుడి గూట్లో పెట్టుకుంది.

అక్కడి సంగతి వాడే చెప్పాడు. పొద్దునే జిన్ను గేటు ముందు జనం నిలబడతారట. కూలీలను ఎంచే ముకద్దం వచ్చి మరాఠీలో ఏదో అడుగుతాడట. తన ఊరివైపు యాసలో జవాబు చెప్పినవాళ్లను లోపలికి పంపి గేటు మూస్తాడట. బయట మిగిలేది వీడూ, జైనూర్ గుట్టల నుంచి దిగివచ్చిన గోండులూ. ఆ పత్తి పండే నేల ఆ గోండులదే, బండ్లు వచ్చేది వాళ్ల అడవి తొవ్వల గుండానే. పత్తి లోపలికి పోయేది, వాళ్లు గోడ పక్కన కూర్చునేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయన రోజూ తన మూటలోని జొన్నరొట్టె విరిచి వీడికి సగం పెట్టేవాడట.

"ఆదిలాబాద్ల నన్ను తెలుగోడన్నరు సాంబా. ఈడ తురకోడంటరు. గా పెద్దమనిషిని అడిగిన, నిన్నేమంటరే అని. నన్ను పిలువనే పిలువరు, ఇగ అనుడెక్కడిది అన్నడు."

వాడు నవ్వుతూనే చెప్పాడు. వెనక నిలబడి వింటున్న మక్సూదా నవ్వలేదు. ఆమె అన్న బొంబాయిలో ఒక రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. రమ్మని ఎప్పటినుంచో అంటున్నాడు. ఆ రోజు ఆమె వాడితో కాదు, నాతో చెప్పింది.

"వచ్చే రంజాన్ ఈద్ దాక చూస్త భయ్యా. గప్పటికి గీనకు ఏదన్న నౌకరి దొరికిందా, సరే. లేకుంటె మా అన్న వచ్చి తోల్కపోతడు. ఇగ మీరందరు కలిసి నన్ను ఆపొద్దు."

ఆపడానికి నోరెట్లా వస్తుంది. తినీ తినక ఇల్లు నడుపుతున్నది ఆమే కదా. కానీ మోరీ అవతల సత్తారు ఉండడనే మాట నా లోపలికి పోవడం లేదు. అవ్వకైతే చెప్పనే లేదు.

ఇక అమావాస్య సంగతికి వస్తా. మా సాలెవాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. గుంట మగ్గాల కాలం నుంచీ అంతే. ముందురోజు సాయంత్రం నాడెను మగ్గం లోంచి తీసి, పసుపు రాసి దేవుడి ముందు పెడతారు. అమావాస్య పొద్దున నూనె పెట్టుకుని తలంటుకుంటారు, తింటారు, పడుకుంటారు. సాంచాలు వచ్చినా ఆ ఆనవాయితీ పోలేదు. మామూలు సెలవంటూ మాకు ఇంకేం ఉండేది కనుక. సేటుకు మాత్రం ఆ రోజు కాళ్లు నిలిచేవి కావు. షోలాపూర్‌లో మిల్లు ఆగదు, కరీంనగర్ షావుకారు గుడ్డ ఏదని అడుగుతాడు. నడపమని మమ్మల్ని అడగలేడు, తనూ సాలెవాడే కాబట్టి తాను ముట్టలేడు. ఒక అమావాస్య నాడు షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతున్నవాణ్ని చూసి మెల్లగా అన్నాను.

"అమావాస్య మనకే గద సేటు. సత్తారుకు లేదు గద."

సేటు నావైపు చాలాసేపు చూశాడు. నూలు చెవుల సంగతి ఆయనకూ గుర్తొచ్చి ఉంటుంది. అయినా షావుకారు ఇంకా ఎక్కువ గుర్తొచ్చాడు. మరుసటి అమావాస్యకు వాణ్ని రమ్మన్నాడు. అంతకుముందు నాలుగు సాయంత్రాలు నేను వాడికి సాంచా చూపించాను. చిన్నప్పటి నుంచి దారం పట్టిన చేయి కదా, మోటారంటే భయం పోతే చాలు, మిగతాది వచ్చేసింది.

అట్లా సత్తారుకు నౌకరి దొరికింది. నెలకు ఒక్క దినం. మక్సూదా ఆ రోజు వాడికి అంగీ ఉతికి, రొట్టె కట్టి పంపేది. వాడి నోటికి మళ్లీ హుషారు వచ్చింది.

"దునియ అంత చాంద్ కోసం చూస్తది. మా ఇంట్ల చాంద్ లేని దినం కోసం చూస్తం."

నేను అమావాస్య నాడు షెడ్డులోకి పోను. కానీ తలంటుకుని అటువైపు నడిచి, బయట చెట్టు కింద నిలబడి వినేవాణ్ని. రెండు సాంచాల చప్పుడు. పోగు తెగితే చప్పుడు మారుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. సర్దుకున్నాక ఇంటికి పోయి అన్నం తినేవాణ్ని.

కొన్ని నెలలు అట్లా నడిచింది. సాలెగల్లీలో గుసగుస మొదలైంది. మా కులపెద్ద దశరథం, పెద్ద మీసాలు, అంతకన్నా పెద్ద ఫికర్లు. వాన పడకపోయినా ఫికరే, పడినా ఫికరే. ఆయనకు సత్తారు మీద పగేం లేదు, దారిలో కలిస్తే తంబాకు అడిగి తీసుకునేవాడు. ఆయన భయం వేరు. ఇవాళ అమావాస్య నాడు రెండు సాంచాలు ఆడాయి, రేపు నాలుగు ఆడతాయి, ఎల్లుండి మీరెందుకు కూర్చున్నారని సేటు మమ్మల్ని అడుగుతాడు, తాతలిచ్చిన ఆ ఒక్క రోజూ పోతుందని. అది ఉత్త భయం అని నేను కూడా అనలేకపోయాను.

రంజాన్ నెల వచ్చింది. రంజాన్ ఆఖరు రోజులు ఎప్పుడూ అమావాస్యనే పట్టుకుని వస్తాయి. అమావాస్య దాటాక నెలవంక కనబడితేనే కదా వాళ్లకు ఈద్. అంటే ఈద్ ముందు సత్తారుకు మిగిలింది ఒక్క అమావాస్య. ఆ రోజు పని చేసి, గుడ్డ దించి, సేటును నెలంతా పని అడుగుతానని వాడు నాతో అన్నాడు. అప్పటికే మక్సూదా అన్న బొంబాయి నుంచి దిగాడు. వాళ్ల ఇంట్లో ఒక మూలన మూటలు కట్టడం కూడా మొదలైంది.

అమావాస్య ముందురోజు సాయంత్రం పని ఆపగానే దశరథం ఒక గంప పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. గుంట మగ్గాల నాడెలు దేవుడి ముందు పండుకునేవి కదా, సాంచాలు వచ్చాక మనం బద్ధకించి బొట్టు పెట్టి వదిలేస్తున్నాం, ఇక నుంచి పాత పద్ధతే అన్నాడు. ఎవరు కాదనగలరు. ఒక్కొక్క సాంచాలోంచి నాడె తీసి గంపలో వేశాడు. ఒక్కటి కూడా వదల్లేదు. నేరుగా మా ఇంటికే తెచ్చాడు. గల్లీలో పెద్దామె కమలవ్వ, ఆమె దేవుడి గూట్లో పెట్టినవి ఎవరూ ముట్టరని ఆయనకు తెలుసు. అవ్వకు మాత్రం ఆయన మనసులో ఏముందో తెలియదు. మంచి పని చేసినవని మెచ్చుకుని, నాడెలకు పసుపు రాసి, గూట్లో వరుసగా పేర్చింది. గూడు సరిపోక ఆఖరుది రామచిలుక పక్కన నిలబెట్టింది.

నేను చెబుదామని నోరు తెరిచాను. ఏమని చెప్పాలి, దేవుడి ముందు పెట్టినవి తీయమనా. మూసుకున్నాను.

పొద్దునే సత్తారు వచ్చాడు. ఉతికిన అంగీ వేసుకున్నాడు. ఉపవాసం మీద ఉన్నాడు కాబట్టి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అరుగు అంచు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"అవ్వా, సాంచాలల్ల నాడెలు లేవు."

అవ్వ గూటివైపు చూసింది. నా ముఖం చూసింది. నా ముఖంలో ఆమెకు అంతా కనబడి ఉంటుంది.

"దశరథం నన్ను తాళం కప్ప జేసిండన్న మాట," అంది.

లేచి గూటివైపు రెండడుగులు వేసింది. సత్తారు లేచి నిలబడ్డాడు.

"తియ్యకు అవ్వా. దేవుని ముంగటివి. నేను అడుగుదామని రాలే. జర చెప్పి పోదామని వచ్చిన. ఈద్ కాంగనే బొంబాయి పోతున్నం."

అవ్వ అక్కడే ఆగిపోయింది. ఎవరు పోతున్నారని అడిగింది. వాడు చెప్పాడు. ఎన్నాళ్లకని అడిగింది. వాడు గూట్లోని రామచిలుకవైపు చూశాడు. అవ్వ వచ్చి రాట్నం పక్కన కూర్చుంది. అమావాస్య కాబట్టి తిప్పలేదు, చక్రం మీద చేయి మాత్రం పెట్టింది.

సత్తారు మా ఇంటివైపు రావడం చూశాడేమో, దశరథం కూడా వచ్చాడు. గూట్లో నాడెలు ఉన్నాయా లేవా అని తొంగి చూశాడు. ఉన్నాయి. కొంచెం సిగ్గుపడ్డట్లు నిలబడ్డాడు. అవ్వ ఆయన్ని కూర్చోమంది. చాయ్ పెట్టనని కూడా చెప్పింది, రోజా ఉన్నవాడి ముందు ఎవరికీ పెట్టనని.

"ఒక్క ముచ్చట చెప్పు దశరథం. అమావాస్యకు నాడెను ఎందుకు పండవెడ్తం?"

"నెలంత ఉరికింది గద వదినె. మనం గూడ నెలంత చేసినం. ఒక్కనాడు సెలవు."

"గదే. నెలంత చేసినోనికి సెలవు. మరి వీడు నెలంత ఏం జేసిండు? కూసున్నడు. కూసున్నోన్ని మల్ల కూసొమ్మని నువ్వు గంప వట్టుక వచ్చినవు."

దశరథం మీసం మీద చేయి వేశాడు, తీశాడు. ఆయనకు కోపం రాలేదు. మెల్లగా తన భయం చెప్పాడు.

"నీ మాట నిజమే వదినె. వీడు బతకొద్దని నాకు లేదు. కని వీడు నడిపిస్తే రేపు సేటు మనల గూడ నడుపుమంటడు. గప్పుడు నీ కొడుక్కు సెలవుంటదా? చెప్పు."

అవ్వ చక్రం మీది చేయి తీసి ఒళ్లో పెట్టుకుంది. పక్కింట్లో ఎవరో తలంటు నీళ్లు కాగబెడుతున్నారు, పొగ మా ఇంట్లోకి వస్తోంది. దశరథం ఆ పొగలో కళ్లు నలుపుకుంటూ తనలో తాను మాట్లాడుకున్నట్లు అన్నాడు.

"వీనికి గూడ నెలంత పనుంటె? అమావాస్యకు మనతోని వీడు గూడ కూసుంటడు. సేటుకు నడిపెటోడే దొరుకడు."

సత్తారుకు అంత దుఃఖంలోనూ నోరు ఊరుకోలేదు.

"అంటె నన్ను పనిలకు తీసుకునేది పని చేపియ్యనీకి కాదు, కూసుండవెట్టనీకన్నట్టు."

"ఏదో ఒకటి తియ్యి," అంది అవ్వ.

కానీ సత్తారు తల అడ్డంగా ఊపాడు. దశరథాన్ని మోసం చేయడం వాడికి ఇష్టం లేదు.

"నేను కూసుంటె మా గల్లీల ఇంకొకడు లేస్తడు దశరథమన్న. మస్తుగున్నరు ఖాళీగ. సేటు పిలిస్తె ఉరికస్తరు. నేను గట్లనే ఉరికొచ్చిన గద."

దశరథం ముఖం చూడాలి. ఫికర్ల మనిషి కదా, కొత్త ఫికర్ ఒకటి దొరికింది. మసీదుగల్లీ అరుగుల మీద కూర్చున్న ఒక్కొక్కడూ ఆయన కళ్ల ముందు లేచి నిలబడినట్లున్నారు. ఇన్నేళ్లుగా ఆ అరుగుల ముందు నుంచే నడిచిపోతున్నాడు, వాళ్లు ఎందుకు కూర్చున్నారో ఎప్పుడూ ఆయనకు పట్టలేదు. ఇప్పుడు పట్టింది.

"గట్లయితె వాన్ని గూడ పెట్టియ్యాలె," అన్నాడు చిరాకుగా.

"ఎంతమందినని పెట్టిస్తవే?" అన్నాను నేను.

"ఖాళీగున్నోడు ఉన్నన్ని దినాలు మన అమావాస్యకు బరోసా లేదుర సాంబా. నన్ను పరేషాన్ చెయ్యకు. ముందుగాల వీన్నన్న పెట్టిద్దాం పా."

అవ్వ ఆయన వైపు చూసి ముసిముసిగా నవ్వింది. నాడెలు గూట్లోంచి కదల్లేదు. మేం ముగ్గురం లేచాం.

సేటు ఇంటి ముందు తలంటు పోసుకుని తల ఆరబెట్టుకుంటున్నాడు. దశరథం ముందు ఎండ గురించి మాట్లాడాడు, తర్వాత నూలు ధర గురించి, తర్వాత షోలాపూర్‌లో సేటు చిన్నాయన ఆరోగ్యం గురించి. సేటుకు ఓపిక అయిపోయాక అసలు మాట తీశాడు. గోడ పక్కన ఒక జత సాంచాలు మనిషి లేక మూడు నెలల నుంచి నిలబడి ఉన్నాయి. నడిపేవాడు బావమరిది వెంట బతుకుదెరువుకు పోయాడు. సాలెగల్లీలో ఇక ఖాళీ చేయి లేదు. నెలంతా నిలబడ్డ సాంచాను వదిలేసి ఒక్కరోజు నిలబడేవాటి వెంట పడడం ఎందుకని దశరథం అడిగాడు. అమావాస్య వదిలేస్తే పాడ్యమి నాడు సాలెవాళ్లు తెల్లవారకముందే సాంచా ఎక్కుతారని తన మాటగా చెప్పాడు.

సేటు శుక్రవారం సంగతి అడిగాడు. నమాజుకు పోయినంతసేపు నావి రెండు, వాడివి రెండు నేను చూసుకుంటానన్నాను. నాకు జ్వరం వస్తే నావి వాడు చూస్తాడు. చివరకు సేటు ఆ పాత మాటే మళ్లీ అన్నాడు, నూలు మనవాళ్ల చేతికే వింటుందని. ఆ మాట దశరథం కూడా మా గల్లీలో ఎన్నోసార్లు అన్నవాడే. ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఇన్ని అమావాస్యల సంది ఇంటనే ఉన్నది గద సేటు."

సేటు తువ్వాలు దులిపాడు. సత్తారును కింది నుంచి పైదాకా కొత్తగా చూశాడు. ఎల్లుండి తెల్లారి రమ్మన్నాడు.

ఎల్లుండి ఈద్ అయ్యేటట్లుంది సేటు అన్నాడు సత్తారు. అట్లయితే అవతలెల్లుండి రా, పాయసం తెచ్చుకో అన్నాడు సేటు.

నెలవంక కనబడిన సాయంత్రం అవ్వ మోరీ బండ మీద నిలబడి చూసింది. ఆమెకు చూపు ఆనదు, అయినా కనబడిందనే అంది. మరుసటి రోజు మేం వాళ్లింట్లో షీర్‌ఖుర్మా తాగాం. మక్సూదా అన్న సత్తారు నౌకరి సంగతులన్నీ అడిగి అడిగి తెలుసుకున్నాడు. అమావాస్యకు సెలవు, శుక్రవారం నమాజుకు వదులుతారని విని, బొంబాయిలో మాకు ఏ చంద్రుడూ సెలవు ఇవ్వడని నవ్వాడు. కట్టిన మూటలు మక్సూదా తన చేత్తోనే విప్పింది. ఇబ్రాహీం మామ బిళ్ల ఒక మూటలోంచి బయటపడింది. మళ్లీ అదే మేకుకు తగిలించింది. ఆమె అన్న ఒక్కడే బస్సు ఎక్కాడు.

గల్లీ అంతా బాగుపడిందని చెబితే అబద్ధమవుతుంది. దశరథం ఊరుకోలేదు, సేటు సాంచాలు పెంచినప్పుడు పోరు పెట్టి మసీదుగల్లీ నుంచి ఇంకో ఇద్దరిని పెట్టించాడు. తన అమావాస్య కోసమే అన్నాడు, మేమూ అదే అనుకున్నట్లు ఊరుకున్నాం. మిగతావాళ్లు చాలామంది బొంబాయి, భివండి పోయారు. వానలు ముఖం చాటేసిన ఏడు మా సాలెవాళ్లూ వాళ్ల వెనకే పోయారు. సత్తారు జొన్నరొట్టె తినేటప్పుడల్లా ఆ గోండు పెద్దమనిషిని తలుచుకునేవాడు. ఆయన్ని ఎవరన్నా పిలిచారో లేదో అనేవాడు.

ఒక్క ముచ్చట చెప్పి ఆపేస్తా.

మరుసటి నెల అమావాస్య వచ్చింది. సత్తారు అలవాటు కొద్దీ పొద్దునే లేచి షెడ్డు దగ్గరికి పోయాడు. తాళం ఉంది. అప్పుడు గుర్తొచ్చి మా ఇంటికి వచ్చాడు. గూట్లో పసుపు రాసిన నాడెలు వరుసగా ఉన్నాయి. రామచిలుక పక్కన ఉన్నది తనదేనని పోల్చుకున్నాడు. ఎప్పటిలాగే అరుగు అంచు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక కండెలు చుట్టి ఇస్తానన్నాడు. అవ్వ రాట్నం తీసి లోపల పెట్టింది, ఇవాళ దానికీ సెలవేనంది.

వాడు కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్లు కూర్చున్నాడు. తర్వాత కొంచెం వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. ఒక కాలు చాపాడు. కాసేపాగి రెండోది కూడా చాపాడు. తన కాళ్లవైపు తానే చూసుకున్నాడు.

"ఇన్నేండ్ల సంది కూసున్నది వేరే సాంబా. గిది వేరే."

అని కళ్లు మూసుకున్నాడు. నేను ఏదో చెప్పబోయేలోపే నోరు తెరిచి గుర్రు పెట్టాడు. ఇంటికి రాలేదని వెతుక్కుంటూ మక్సూదా వచ్చింది. అరుగు మీద పడుకున్న మొగుణ్ని చూసి, ఇదేం నిద్ర, ఇంట్లో నీళ్లు లేవు అంటూ భుజం పట్టి లేపబోయింది. అవ్వ లోపలి నుంచి వచ్చి చేయి అడ్డం పెట్టింది.

"లేపకు బిడ్డా. సెలవు మీదున్నడు."